ఇంట్లో వస్తువులన్నీ ఫోన్లో మోగుతున్నాయి, గ్యాస్ అలర్ట్ ఒక్కటే చూడలేదు

మియాపూర్_మూడో_అంతస్తు | సోమవారం, రాత్రి 9:42

నమస్కారం అండీ. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

రెండేళ్లుగా ఇంట్లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంటి వస్తువులన్నిటినీ ఒకచోట కలిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. సొంత బిల్డింగే, కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. సంపు, పైన ట్యాంకు, గేటు కెమెరా, మెయిన్ డోర్ సెన్సర్, ఇన్వర్టర్, గీజర్, ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషీన్ ప్లగ్గు, వంటింట్లో గ్యాస్ సెన్సర్. ఒక్కొక్కటి తగిలించినప్పుడల్లా సరదాగా దానికో నోటిఫికేషన్ కూడా తగిలిస్తూ పోయాను.

మొన్న గురువారం ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నా. అమ్మ స్టవ్ మీద పాలు పెట్టి పూజగదిలోకి వెళ్లింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. సెన్సర్ 11:14కి పట్టుకుని ఫోన్‌కి పంపింది. నేను చూసింది 12:40కి. ఈలోగా అమ్మకే వాసనొచ్చి స్టవ్ కట్టేసి, కిటికీలు తీసింది. ఏమీ కాలేదు. నేను వణుక్కుంటూ ఇంటికొస్తే, "నా ముక్కు బాగానే పనిచేస్తోందిరా, నీ డబ్బా సంగతి చూసుకో" అంది.

ఆ రాత్రి నోటిఫికేషన్ హిస్టరీ తెరిచి లెక్కపెట్టాను. ఒక్క రోజులో ఇంటి నుంచి 163. గేటు కెమెరా 97, మెయిన్ డోర్ 22, ఇన్వర్టర్ గొడవ, "డివైజ్ ఆఫ్‌లైన్" కలిపి 19, నీళ్లవి 14, వాషింగ్ మెషీన్ 4, ఫ్రిజ్ 3, గీజర్ 3. గ్యాస్ 1.

అన్నిటికీ ఒకటే టింగ్. ఇప్పుడు గ్యాస్‌కి గట్టి సౌండ్ పెడితే సరిపోతుందా, మొత్తం మొదటినుంచీ మార్చాలా? మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

---

పాతకాలం_స్విచ్చి | సోమవారం, రాత్రి 9:58

గోడకి స్విచ్చి, చేతికి వేలు. ఇప్పటిదాకా ఒక్క నోటిఫికేషన్ రాలేదు.

---

బెజవాడ_కెమెరాలు | సోమవారం, రాత్రి 10:31

అన్నా, ముందు ఆ 97 సంగతి చూద్దాం. నేను చేసే పనే కెమెరాలు బిగించడం.

నీ కెమెరా బొమ్మలో చుక్కలు మారితే చాలు, కదలిక అనుకుంటోంది. కొమ్మ ఊగినా, బండి లైటు గోడ మీద పడినా, మబ్బు పట్టి నీడ పోయినా టింగ్. రాత్రిళ్లు ఇంకా ఘోరం. చీకట్లో చూడ్డానికి లెన్సు చుట్టూ ఉండే ఐఆర్ లైట్లకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, సరిగ్గా లెన్సు ముందే గూడు కడుతుంది. ఆ ఒక్క పోగు గాలికి ఊగితే స్క్రీన్ మీద తెల్లటి తాడు అడ్డంగా ఆడుతున్నట్టు కనిపిస్తుంది. గుణదలలో ఒక పెద్దాయన రాత్రంతా దొంగలొస్తున్నారని మూడు సార్లు ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే సాలెగూడు. చీపురుతో దులిపి వచ్చా, డబ్బులు కూడా తీసుకోలేదు.

నువ్వు చెయ్యాల్సింది: కెమెరా కదలిక కోసం చూసే జోన్ నుంచి రోడ్డు భాగాన్ని తీసెయ్. మనుషులను గుర్తుపట్టే ఆప్షన్ ఉంటే అదొక్కటే ఉంచు. కింద అద్దెకున్నవాళ్ల పిల్లలు గేటు దగ్గర ఆడుకుంటారు కాబట్టి పగలంతా రికార్డింగ్ మాత్రమే, ఫోన్‌కి వద్దు. రాత్రి 11 నుంచి 5 వరకు ఫోన్‌కి రానీ.

కస్టమర్లందరిదీ ఒకటే కథ. మొదటి వారం "అన్నీ ఆన్ చెయ్ బాబూ" అంటారు. మూడో వారం యాప్ మ్యూట్‌లో పెడతారు. దొంగ నాలుగో వారం వస్తాడు.

---

విశాఖ_షిఫ్ట్ | సోమవారం, రాత్రి 11:50

రిఫైనరీ కంట్రోల్ రూమ్‌లో ఇరవై ఏళ్లకు పైగా షిఫ్టులు చేశాను. మీ 163 చూసి నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

మా రంగంలో ఈ జబ్బుకి పెద్ద చరిత్ర ఉంది. 1994 జూలై 24న బ్రిటన్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర రిఫైనరీలో పేలుడు జరిగింది. పొద్దున పిడుగులతో మొదలైన ఇబ్బంది, సుమారు ఐదు గంటలు సాగి పేలుడు దాకా వెళ్లింది. చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు పడ్డాయి. అసలు సంగతి చెప్పే అలారం ఆ మోతలో మరుగున పడింది. ఎవరు చూడగలరు? అదృష్టం కొద్దీ ఆదివారం, మనుషులు తక్కువ, ప్రాణాలు పోలేదు. ఆ తర్వాతే అలారాలు ఎలా పెట్టాలన్న దాని మీద ఈఈఎంయూఏ 191 అనే గైడ్ వచ్చింది. మామూలు రోజున ఒక ఆపరేటర్‌కి పది నిమిషాలకు ఒకటి మించకుండా అలారాలు ఉండాలని అది చెబుతుంది. అదీ జీతం తీసుకుని స్క్రీన్ ముందు కూర్చునే మనిషికి. మీరు ఆఫీసు పని చేసుకుంటూ ఇంటి అలారాలు కూడా చూడాలనుకుంటున్నారు.

మాకు కొత్త కుర్రాళ్లు వస్తే మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: అలారం మోగితే మనిషి ఏదో ఒకటి చెయ్యాలి. చెయ్యడానికేమీ లేకపోతే అది అలారం కాదు, లాగ్‌బుక్‌లో రాసుకునే విషయం. మీ జాబితాలో ప్రతిదానికీ మూడు ప్రశ్నలు వేసి చూడండి. ఇది వస్తే నేనేం చేస్తాను? చెయ్యడానికి ఎంత టైముంది? చెయ్యకపోతే ఏమవుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు "చూసి ఊరుకుంటాను" అయితే తీసేయండి.

ఇంకోటి. నీళ్లవి 14 ఎందుకొచ్చాయో నేను చూడకుండానే చెప్పగలను. సంపు 20 శాతం దగ్గర ఉన్నప్పుడు మోటారు నడుస్తుంటే నీళ్లు అల్లల్లాడతాయి. సెన్సర్ 19 అంటుంది, 21 అంటుంది, మళ్లీ 19 అంటుంది. ప్రతి దిగుడుకీ ఒక టింగ్. మేము దీన్ని వాగుడు అలారం అంటాం. మందు తేలికే. 20కి దిగితే చెప్పమనండి, మళ్లీ 30 దాటేదాకా ఆ విషయం ఎత్తొద్దనండి. పైగా ఆ 20 రెండు నిమిషాలు నిలకడగా ఉంటేనే చెప్పాలి. హోమ్ అసిస్టెంట్‌లో ట్రిగ్గర్ కింద "ఫర్" అనే లైను ఉంటుందట, మా అబ్బాయి చెప్పాడు. అది అందుకే.

ఒక ప్రశ్న. గ్యాస్ సెన్సర్ ఎక్కడ బిగించారు?

---

మియాపూర్_మూడో_అంతస్తు | మంగళవారం, ఉదయం 7:15

పొగ సెన్సర్ పక్కనే, సీలింగ్‌కి జానెడు కింద. ఎందుకండీ?

---

విశాఖ_షిఫ్ట్ | మంగళవారం, ఉదయం 7:22

సిలిండరేనా, పైపు గ్యాసా?

---

మియాపూర్_మూడో_అంతస్తు | మంగళవారం, ఉదయం 7:23

సిలిండర్.

---

విశాఖ_షిఫ్ట్ | మంగళవారం, ఉదయం 7:40

అయితే నోటిఫికేషన్ల కన్నా ముందు ఆ పని చూడండి. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. మీ సెన్సర్ దాకా ఎక్కేసరికి వంటగది సగం నిండి ఉంటుంది. నేలకు అడుగు ఎత్తులో, సిలిండర్ ఉన్న వైపు పెట్టండి. తడి బట్ట, నీళ్లు తగలకుండా చూసుకోండి. పైపు గ్యాస్ ఉన్నవాళ్లకు దీనికి రివర్స్. అది మీథేన్, తేలిక, పైకి పోతుంది కాబట్టి సెన్సర్ సీలింగ్ దగ్గరే ఉండాలి. చదివేవాళ్లలో రెండు రకాల వాళ్లూ ఉంటారు కాబట్టి రెండూ రాశాను.

గ్యాస్ వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ అయ్యేలా ఆటోమేషన్ గానీ పెట్టారా? చాలామంది తెలివనుకుని పెడతారు. పెట్టి ఉంటే ఇప్పుడే తీసేయండి. రిలే అనే ఆటోమేటిక్ స్విచ్చిలో, ఫ్యాన్ మోటారులో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు.

---

మియాపూర్_మూడో_అంతస్తు | మంగళవారం, ఉదయం 7:44

పెట్టాను. తీసేశాను. చేతులు చల్లబడ్డాయి సర్.

---

డాలస్_తెనాలి | మంగళవారం, ఉదయం 8:30

షిఫ్ట్ గారూ, మీ సూత్రం బాగుంది గానీ నా విషయంలో కుదరదు. తెనాలిలో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. గుమ్మం దగ్గర కెమెరా, తలుపుకి సెన్సర్ పెట్టి వచ్చాను. డాలస్‌లో కూర్చుని నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అలాగని తీసెయ్యలేను, తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. తెలిసినా పట్టడం లేదు లెండి. అక్కడ మధ్యాహ్నం పనమ్మాయి, కొరియర్, కూరగాయలు, అన్నీ నాకు తెల్లవారుజామున మూడింటికి.

---

పాతకాలం_స్విచ్చి | మంగళవారం, ఉదయం 8:41

మీ అమ్మానాన్నలకి ఇష్టమేనా ఇదంతా?

---

డాలస్_తెనాలి | మంగళవారం, ఉదయం 9:05

నిజం చెప్పనా. అమ్మ ఏమీ అనలేదు. నాన్న మాత్రం నేను తిరిగొచ్చిన నాలుగో రోజున కెమెరా మీద తువ్వాలు కప్పారు. అడిగితే "దుమ్ము పడుతోంది" అన్నారు.

---

నీలిరంగు_సిరా | మంగళవారం, ఉదయం 11:20

డాలస్ గారూ, మా అన్నయ్యదీ ఇదే పరిస్థితి. మేము తిప్పి ఆలోచించాం. ఏదైనా జరిగితే చెప్పడం కాదు, రోజూ జరిగేది జరగకపోతే చెప్పడం.

మా అమ్మ ఏళ్లుగా పొద్దున ఐదున్నరకల్లా వంటింట్లో లైటు వేస్తుంది. కాఫీ పడనిదే ఆమెకి రోజు మొదలవదు. కెమెరా తీసేసి, ఆ స్విచ్చి ఒక్కటే చూసేలా పెట్టాం. ఏడున్నర దాకా లైటు వెలగకపోతే, అప్పుడు మెసేజ్. అది కూడా ముందు పక్కింటి పిన్నిగారికి. ఆవిడ వెళ్లి తలుపు తట్టగలరు. అన్నయ్యకి పది నిమిషాల తర్వాత. ఏడున్నరంటే మీకు ఎండాకాలంలో ముందురోజు రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. మెలకువగానే ఉంటారు.

ఎనిమిది నెలల్లో మూడు సార్లు వచ్చింది. ఒకసారి కరెంటు లేదు, ఒకసారి ఆమె తిరుపతి బయల్దేరి చెప్పడం మరిచింది, ఒకసారి జ్వరం. ఆ జ్వరం రోజు పిన్నిగారు ఇడ్లీ పట్టుకెళ్లారు. ఇంట్లో కెమెరా లేదు కాబట్టి తువ్వాలూ అక్కర్లేదు.

---

డాలస్_తెనాలి | మంగళవారం, మధ్యాహ్నం 12:02

ఇది నాకు తట్టనే లేదు అండీ. నాన్నని ఫోన్‌లో అడుగుతాను. ఈసారి ముందు అడిగే పెడతాను.

---

ఫర్మ్‌వేర్_ఫిల్టర్_కాఫీ | మంగళవారం, రాత్రి 10:10

అవతలి గట్టు మీద నుంచి నేనూ ఒక మాట చెబుతా. ఒక స్మార్ట్ హోమ్ కంపెనీలో మూడేళ్లు యాప్ రాశాను, పేరు అడగొద్దు.

ఆండ్రాయిడ్‌లో 2017లో, ఎనిమిదో వెర్షన్‌తో, నోటిఫికేషన్లను ఛానళ్లుగా విడగొట్టే వీలొచ్చింది. గ్యాస్‌కి ఒకటి, బట్టలకి ఒకటి, ఆఫర్లకి ఒకటి పెడితే యూజర్ తనకి అక్కర్లేనిది మూసుకోవచ్చు. మేమూ డిజైన్‌లో నాలుగు ఛానళ్లు పెట్టాం. రివ్యూలో ఒక పెద్దమనిషి, "ఆఫర్లు వేరే పెడితే అందరూ ఆపేస్తారు కదా, 'ముఖ్యమైనవి' దాంట్లోనే కలపండి" అన్నాడు. కలిపాం. పండగ సేల్‌కి యాభై శాతం తగ్గింపూ, మీ తలుపు తెరిచి ఉందన్న మాటా ఒకే గొంతుతో వెళ్లాయి. జనం విసుగెత్తి మొత్తం ఆపేశారు. అప్పుడు మీటింగ్ పెట్టి, "యూజర్లు సేఫ్టీని సీరియస్‌గా తీసుకోవట్లేదు" అని బాధపడ్డారు.

ఐఫోన్‌లో 2021 నుంచి నాలుగు మెట్లున్నాయి. చప్పుడు లేకుండా లిస్టులో పడేవి, మామూలువి, ఆలస్యం చెయ్యకూడనివి, సైలెంట్‌లో ఉన్నా మోగేవి. ఈ చివరి రకం 2018 నుంచే ఉంది. దానికి ఆపిల్ దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి, ఊరికే ఇవ్వరు. ఆండ్రాయిడ్ కూడా 2022లో వచ్చిన పదమూడో వెర్షన్ నుంచి, నోటిఫికేషన్ పంపాలంటే ముందు యూజర్‌ని అడగాల్సిందే అంది. అంటే తాళాలన్నీ ఉన్నాయి. ఇచ్చే డిఫాల్ట్‌లోనే దొంగతనం. సెట్టింగ్స్ తెరిచే యూజర్ నాకు తెలిసి ఈ చర్చలో ఉన్నవాళ్లే.

మియాపూర్ గారికి పనికొచ్చేవి రెండు.

ఆ 19 ఆఫ్‌లైన్లు. కరెంటు పోతే రూటర్ పోతుంది, లేదా ఇన్వర్టర్ మీదకి మారేటప్పుడు ఒక్క క్షణం మిణుకుతుంది. అంతే, ప్రతి ప్లగ్గూ విడివిడిగా "నేను పోయాను" అంటుంది, రాగానే "నేనొచ్చాను" అంటుంది. ఐదు వస్తువులు ఒకేసారి మాయమైతే ఐదు కబుర్లు కాదు, "కరెంటు పోయినట్టుంది" అని ఒక్కటి చాలు. అదీ పది నిమిషాలు దాటితేనే. రెండోది, కబురు మారినప్పుడు కొత్తది పంపకండి. హోమ్ అసిస్టెంట్ మొబైల్ యాప్‌లో "ట్యాగ్" ఇస్తే పాత నోటిఫికేషన్ స్థానంలోనే కొత్తది కూర్చుంటుంది. పని అయిపోగానే దాన్ని చెరిపేసే కమాండ్ కూడా ఉంది. ట్యాంకు నిండాక "ట్యాంకు నిండుతోంది" ఫోన్లో పడి ఉండక్కర్లేదు.

అన్నట్టు, స్మార్ట్ బల్బుల్లో కరెంటు తిరిగొచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే సెట్టింగ్ చూసుకోండి. అర్ధరాత్రి రెండింటికి కరెంటొచ్చి పడగ్గదిలో ఫుల్ లైటు వెలిగితే దాన్ని మించిన నోటిఫికేషన్ ఉండదు. మా ఇంట్లో ఆరు నెలల పాప ఉన్నప్పుడు జరిగింది. ఆ బల్బు ఇప్పుడు మెట్ల కింద ఉంది.

---

నల్గొండ_బాయికాడ | బుధవారం, ఉదయం 6:05

మీరంతా ఇళ్ల గురించి మాట్లాడుతున్నరు గానీ, మా బాపు మీకన్న ముందే స్మార్ట్. బాయికాడ మోటారుకు సిమ్ కార్డు స్టార్టర్ ఉంది. కరెంటు వస్తే ఫోన్ చేస్తది, ఫేజు పోతే ఫోన్ చేస్తది, బోరులో నీళ్లు లేక మోటారు ఒట్టిగా తిరిగితే ఆపేసి మళ్లీ ఫోన్ చేస్తది.

తెలంగాణ అంతటా వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు రాత్రి కరెంటు ఎప్పుడొస్తదో తెల్వక, టార్చి పట్టుకుని పాముల భయంతోని పోయేటోళ్లు. అప్పుడు ఆ ఒక్క ఫోన్ బంగారం. అది మోగితే ఇంటిల్లిపాదీ లేచేది, ఎవరూ తిట్టేటోళ్లు కాదు. 24 గంటలు వచ్చినంక అదే ఫోన్ అంటే చిరాకు. రోజుకు పదిసార్లు "కరెంటు వచ్చింది". వచ్చింది, తెలుసు, ఎప్పుడూ ఉంటది కదా.

బాపు ఏం చేసిండంటే, ఆ నంబరుకు వేరే రింగ్‌టోన్ పెట్టిండు. ఎత్తడు. ఒకసారి మోగి ఆగితే పట్టించుకోడు. వెంటవెంటనే రెండోసారి మోగితే మాత్రం చెప్పులేసుకుంటడు. అంటే ఫేజు పోయింది, మోటారు కాలుతది. సెట్టింగులు ఎవరూ నేర్పలే.

---

నీలిరంగు_సిరా | బుధవారం, ఉదయం 9:48

బాపు గారికి దండం.

ఇక్కడ ఒక పాత ముచ్చట గుర్తొచ్చింది. 1995లో జిరాక్స్ వాళ్ల పార్క్ అనే పరిశోధన ల్యాబ్‌లో మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్ "డిజైనింగ్ కామ్ టెక్నాలజీ" అని, మనల్ని విసిగించకుండా నెమ్మదిగా ఉండే టెక్నాలజీ గురించి ఒక వ్యాసం రాశారు. అందులో ఒక ఉదాహరణ నాకు చాలా ఇష్టం. నటాలీ జెరెమియెంకో అనే ఆర్టిస్టు ఆఫీసు సీలింగ్‌కి చిన్న మోటారు పెట్టి, ఎనిమిది అడుగుల ప్లాస్టిక్ తాడు వేలాడదీసింది. మోటారుని నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపింది. డేటా కొంచెం పోతుంటే తాడు అప్పుడప్పుడు ఉలిక్కిపడుతుంది, ఎక్కువ పోతుంటే గిరగిరా తిరుగుతుంది. స్క్రీన్ లేదు, అంకెలు లేవు. పక్కనుంచి పోయేవాళ్లకి ఇవాళ నెట్‌వర్క్ మీద ఎంత బరువుందో కంటి కొసకి తెలిసిపోయేది.

కుక్కర్ కూడా అంతే కదా. మొదటి విజిల్‌కి ఎవరం లేవం. చెవి ఒకవైపు వేసి పెడతాం, మూడోదానికి లేస్తాం.

మా ఇంట్లో మోటారు స్విచ్చి పక్కన పదహారు చిన్న ఎల్ఈడీల పట్టీ నిలువుగా అంటించాను. ట్యాంకులో నీళ్లు ఎంతుంటే పట్టీ అంత ఎత్తు వెలుగుతుంది. ఫోన్‌కి ఏమీ రాదు. వంటింట్లోకి వెళ్తూ చూస్తాం, తక్కువుంటే స్విచ్చి వేస్తాం. నీళ్ల కబుర్లు రోజుకి పది వచ్చేవి, ఇప్పుడు సున్నా.

---

చెవి_మిషన్ | బుధవారం, మధ్యాహ్నం 1:16

నాకు పుట్టుకతో వినికిడి తక్కువ. మీరందరూ "చప్పుడు తగ్గించాలి, లైటు పెడితే చాలు" అంటుంటే కొంచెం నవ్వొస్తోంది. నాకు అంతా లైటే. కాలింగ్ బెల్ నొక్కితే హాల్లో, పడగ్గదిలో, వంటింట్లో లైట్లు ఆరి వెలుగుతాయి. పొగ అలారం మోగితే దిండు కింద పెట్టుకున్న డిస్కు మంచం అదిరేలా వణుకుతుంది. నాకు మెత్తగా ఉండే నోటిఫికేషన్ అంటే రానట్టే.

నా ఇబ్బంది వేరు. లైట్లు ఒకేలా ఆరి వెలుగుతాయి. గ్యాసో, కొరియరో తెలీదు. మా వారు మొదట రంగులు పెట్టారు, ఎరుపు ప్రమాదం, ఆకుపచ్చ తలుపు అని. మా మామగారికి ఆ రెండు రంగులూ ఒకటే. ఇప్పుడు తలుపైతే నెమ్మదిగా రెండుసార్లు. గ్యాస్, పొగ అయితే ఆపేదాకా ఆగకుండా. ఈ రెండే. మూడోది పెట్టనివ్వలేదు నేను. వాషింగ్ మెషీన్‌కి కూడా లైట్లు వెలిగిస్తానన్నారు, వద్దన్నాను. ఇల్లంతా మిణుకుమిణుకుమంటే నాకు మీ 163 టింగులతో సమానం.

సిరా గారి పట్టీ నచ్చింది. రంగు కాదు, ఎత్తు చూపిస్తోంది కాబట్టి మామగారు కూడా చదవగలరు.

---

విశాఖ_షిఫ్ట్ | బుధవారం, మధ్యాహ్నం 2:30

అమ్మా, "మూడోది పెట్టనివ్వలేదు" అన్న మాట మా కంట్రోల్ రూమ్‌లో రాసి తగిలించాలి. మా దగ్గర కొత్తది ఒకటి పెట్టాలంటే ఐదుగురు సంతకాలు పెడతారు. అయినా పెరుగుతూనే ఉంటాయి.

---

మియాపూర్_మూడో_అంతస్తు | రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:20

అప్‌డేట్ ఇస్తున్నాను. ఆలస్యమైంది, క్షమించండి.

నిన్నటి లెక్క 9. కెమెరా 1 (రాత్రి పదకొండున్నరకి కింద పోర్షన్ వాళ్ల బావమరిది), ట్యాంకర్ వచ్చినప్పుడు సంపు 2, కరెంటు 1, బట్టలు 2, మెయిన్ డోర్ పది నిమిషాలుగా తెరిచి ఉందని 3. ఆ మూడూ నిజమే, గాలికి గొళ్లెం జారుతోంది. వడ్రంగిని పిలవాలి.

తప్పులు కూడా చెప్పాలి. షిఫ్ట్ గారి మూడు ప్రశ్నలు వేసి, ఆవేశంలో వాషింగ్ మెషీన్‌ది పూర్తిగా తీసేశాను. రెండు రోజులు బట్టలు మెషీన్‌లోనే ముక్కిపోయాయి. మా ఆవిడ, "నీ ఫోన్ ప్రశాంతంగా ఉంది గానీ నా చీర కంపు కొడుతోంది" అంది. నాకు చెయ్యాల్సిన పని లేదు, తనకి ఉంది. కాబట్టి అది తన ఫోన్‌కి మార్చాను. ప్లగ్గు దగ్గర వాటేజీ ఐదు కన్నా కిందకి దిగి మూడు నిమిషాలుంటే ఒక్కసారి పంపుతుంది. మెషీన్ తలుపు తీస్తే ఫోన్లోంచి చెరిగిపోతుంది. తర్వాత మిగతావీ అలాగే చూస్తే అర్థమైంది, సగం కబుర్లు తప్పు మనిషికి వెళ్తున్నాయి. గీజర్ ఆపడం మరిచిపోయేది నాన్న, మెసేజ్ వచ్చేది ఆఫీసులో ఉన్న నాకు. ఇప్పుడు గీజర్ అరగంటకి దానంతటదే ఆగిపోతుంది, ఎవరికీ చెప్పదు.

ఇక గ్యాస్. అమ్మతో కూర్చుని మాట్లాడాను. "గ్యాస్ వస్తే మియాపూర్‌లో ఉన్న నాకు చెప్పాలా, మాదాపూర్‌లో ఉన్న నీకా?" అంది. నా దగ్గర జవాబు లేదు. సెన్సర్ నేలకి అడుగు ఎత్తుకి దించాను. ఇప్పుడు ముందు ఇంట్లోనే, బ్యాటరీతో నడిచే సైరన్ మోగుతుంది. పూజగదిలో ఉన్నా వినపడాలని హాల్లో పెట్టాను. దానితోపాటే నా గొంతుతో రికార్డు చేసిన మాట వస్తుంది: "అమ్మా, గ్యాస్. రెగ్యులేటర్ కట్టెయ్, కిటికీ తియ్, స్విచ్చి ముట్టుకోకు." అరవై సెకన్లలో ఎవరూ బటన్ నొక్కకపోతే కింద పోర్షన్ ఆంటీకి, నాకు ఒకేసారి వెళ్తుంది. నా ఫోన్లో అది సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. అలా మోగేది ఇంకొకటి లేదు.

ఫ్రిజ్ తలుపు సంగతి తేలలేదు. మా చిన్నది తెరిచి నిలబడి ఆలోచిస్తూ ఉంటుంది.

---

విశాఖ_షిఫ్ట్ | శనివారం, రాత్రి 9:55

బాగుంది. టెస్ట్ బటన్ నొక్కారా? చాలా సెన్సర్లలో ఆ బటన్ బజర్ పనిచేస్తోందని చెబుతుందే గానీ, గ్యాస్‌ని పసిగడుతుందని కాదు. వెనకాల మార్చాల్సిన తేదీ ఉంటుంది, అదీ చూడండి. ఇంకోటి, ఇంట్లోవాళ్లకి చెప్పకుండా ఒకసారి డ్రిల్ చెయ్యండి. మేము అలాగే చేస్తాం.

---

మియాపూర్_మూడో_అంతస్తు | ఆదివారం, రాత్రి 8:12

తేదీ చూశాను, ఇంకో ఏడాదిన్నర ఉంది. డ్రిల్ ఇప్పుడే చేశాను సర్. అమ్మ దీపారాధనలో ఉంది. సైరన్ మోగగానే ముందు దీపం కొండెక్కించింది. అది నా రికార్డింగ్‌లో లేనే లేదు. తర్వాత రెగ్యులేటర్, తర్వాత కిటికీ. లైటు స్విచ్చి వైపు నాన్న చెయ్యి వెళ్తే చెయ్యి మీద ఒక్కటేసింది. మొత్తం 35 సెకన్లు. టెస్ట్ అని చెప్పాక నాకూ ఒకటి పడింది.

దీపం మాట రికార్డింగ్‌లో చేర్చాను.